సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ క్లాసులో బోర్డు ఆట: పాఠం అంటకుండా ఆడించడం ఎలా?

ఇంజినీరింగ్ కాలేజీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ చెప్పే సార్లకీ మేడమ్‌లకీ ఈ మధ్య ఒక కొత్త తద్దినం తగులుకుంది. డిపార్ట్‌మెంటులో ఎవరో ఒకరు ఎఫ్‌డీపీ అనే వారం రోజుల అధ్యాపకుల శిక్షణకి వెళ్లొస్తారు. వస్తూనే "పాఠం చెబితే పిల్లలకి ఎక్కడం లేదండీ, బోర్డు గేములు ఆడిద్దాం" అంటారు. హెచ్‌ఓడీ గారికి ఆ మాట చటుక్కున నచ్చుతుంది. కాలేజీలకి గుర్తింపు ఇచ్చే నాక్ వాళ్లకి బోధన పద్ధతుల కింద చూపించడానికి పనికొస్తుంది కదా మరి. ఆ పని తిరిగి తిరిగి కొత్తగా చేరిన మీ నెత్తిన పడుతుంది.

కంగారు పడకండి. ఆట ఆడిస్తే ముప్పేమీ లేదు. సరిగ్గా ఆడిస్తేనే ముప్పు. సరిగ్గా ఆడిన పిల్లలకి ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమవుతుందో, రాసుకోని రిక్వైర్‌మెంటు మూడు నెలల తర్వాత ఎలా కాటేస్తుందో నిజంగానే తెలిసిపోతుంది. తెలిశాక ఊరుకోరు. అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన మేజర్ ప్రాజెక్టుకి బైండింగ్ చేయించేటప్పుడు చేతులు వణుకుతాయి. వైవాలో "ఈ డిజైన్ ఎవరు చేశార్రా" అని మీరు అడక్కముందే ఒకళ్లనొకళ్లు అడుక్కుంటారు. వ్యవహారం అంతదాకా రాకూడదంటే ఈ కింది జాగ్రత్తలు పాటించండి.

ఆట ఎంచుకోవడం

అన్నిటికన్నా క్షేమం వైకుంఠపాళి. ఇంట్లో ఉన్న పటమే తెచ్చి, పాముల మీద "క్లయింటు మాట మార్చాడు", "సర్వర్ పడిపోయింది" అనీ, నిచ్చెనల మీద "యూనిట్ టెస్టింగ్ చేశాం", "డాక్యుమెంటు రాశాం" అనీ చీటీలు అంటించండి. పావుగంటలో ఎడ్యుకేషనల్ గేమ్ తయారు. ఇందులో ఆటగాడు నిర్ణయించేది ఒక్కటీ ఉండదు, అదే దీని గొప్పతనం. పందెం ఎంత పడితే అన్ని గళ్లు. టెస్టింగ్ చేయాలా వద్దా అని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు. నిచ్చెన మొదట్లో వచ్చి పడ్డవాడు చేసినట్టు, పడనివాడు చేయనట్టు. పాపపుణ్యాల ఫలం చూపించడానికి పుట్టిన పటం అది, ఆ పనికి అది సరైనదే. సాఫ్ట్‌వేర్‌కి తెచ్చేసరికి మాత్రం ప్రాజెక్టు గట్టెక్కినా మునిగినా తలరాతే అని చెబుతుంది. రేపు ఉద్యోగంలో రిలీజు తేదీ తప్పినప్పుడు మేనేజర్లు ఎలాగూ ఆ మాటే అంటారు కనుక, పిల్లల్ని ప్లేస్‌మెంటుకి సిద్ధం చేసిన పుణ్యం కూడా మీకు దక్కుతుంది.

వెనక బెంచీలోంచి ఎవడైనా "సార్, పులీమేకా ఆడదామా" అంటే వెంటనే కూర్చోబెట్టండి. మూడు పులులు, పదిహేను మేకలు, పందెం గవ్వలు లేవు. ఒక్కో మేకను ఆలోచించే పెట్టాలి. మేక వెనక చోటు ఖాళీగా వదిలితే పులి దూకి చంపుతుంది. తప్పు ఎవరిదో, ఏ ఎత్తులో జరిగిందో పటం మీదే కనిపిస్తూ ఉంటుంది. అదృష్టం మీదకి నెట్టేసే వీలే లేదు. అలాంటి ఆటలు అరుగుల మీదికే గానీ ఔట్‌కమ్ బేస్డ్ ఎడ్యుకేషన్‌లోకి రావని కొట్టిపారేయండి.

అసలు ప్రమాదమంతా ఈ పనికోసమే కట్టిన ఆటలతోనే వస్తుంది. ముఖ్యంగా ఒకదాని విషయంలో జాగ్రత్తగా ఉండాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ క్యాంపస్‌లో అలెక్స్ బేకర్, ఎమిలీ ఓ నవారో, ఆండ్రే వాన్ డెర్ హుక్ అనే ముగ్గురు 2003 ప్రాంతంలో "ప్రాబ్లమ్స్ అండ్ ప్రోగ్రామర్స్" అని ఒక కార్డుల ఆట బయటపెట్టారు. ఆటగాళ్లు పోటీ పడుతున్న ప్రాజెక్టు మేనేజర్లు. మధ్యలో ఒక ప్రాజెక్టు కార్డు ఉంటుంది. అది ఎంత పెద్దది, ఎంత చిక్కైనది, ఎంత నాణ్యత కావాలి, బడ్జెట్ ఎంత అన్నది దాని మీదే రాసి ఉంటుంది. ప్రోగ్రామర్ కార్డుల మీద నైపుణ్యం, స్వభావం, జీతం ఉంటాయి. అందరి జీతాలూ కలిపి బడ్జెట్ దాటకూడదు. బాగా పనిచేసేవాణ్ని తీసుకుంటే ఇంకొకడికి డబ్బులు చాలవు.

ఇక్కణ్నుంచి చూడండి వీళ్ల కుట్ర. రిక్వైర్‌మెంటు పత్రాలు, డిజైన్ పత్రాలు రాస్తూ కూర్చుంటే ఒక్క ముక్క కోడ్ కూడా పుట్టదు. ఎదుటివాడు అవేవీ రాయకుండా నేరుగా కోడ్‌లోకి దూకి ముందుకి పోతుంటాడు. రాసేవాడికి ఒళ్లు మండుతుంది. అయితే ఇద్దరి చేతుల్లోనూ ప్రాబ్లమ్ కార్డులు ఉంటాయి. ఒక్కో దాని మీద ఒక షరతు: ఎదుటివాడి దగ్గర ఫలానా పత్రాలు తక్కువుంటేనే ఇది తగులుతుంది. పత్రాలు ఎగ్గొట్టినవాడికి అవి ఒకదాని మీద ఒకటి తగులుకుంటాయి, కట్టిన కోడ్ కూలుతుంది. ఇది చాలదన్నట్టు కోడ్ కార్డులు బోర్లా పెడతారు. హడావుడిగా రాస్తే త్వరగా పేరుకుంటుంది గానీ దాని కింద బగ్గులు ఎక్కువ. ఎన్నున్నాయో తిప్పి చూసేదాకా తెలియదు, తిప్పి చూడ్డానికి సమయం ఖర్చు. చివర్లో కొన్ని కార్డులు తిప్పినప్పుడు బగ్గు కనబడిందా, గెలిచాననుకున్నవాడి మొహం చూడాలి.

మీరు గంటన్నర గొంతు చించుకున్నా రాని సంగతి, "డాక్యుమెంటేషన్ ప్రాముఖ్యతను వివరింపుము" అనే పదిహేను మార్కుల ప్రశ్నకి అయిదు పేజీల జవాబు రాసినా అంటని సంగతి, ఆ ఒక్క కార్డు తిప్పడంతో అంటుకుంటుంది. కాబట్టి ఈ ఆట కార్డులు ముద్రించి తెచ్చుకునే దౌర్భాగ్యం పడితే ముందే కోరలు పీకేయండి. ప్రాబ్లమ్ కార్డులన్నీ ఏరి డ్రాయర్లో పడేయండి, "పిల్లలు నొచ్చుకుంటారు" అని కారణం చెప్పొచ్చు. కోడ్ కార్డులు వెల్లకిలా పెట్టించండి, దాచిపెట్టుకోవడం మంచి సంస్కారం కాదనండి. ఆ రెండూ చేస్తే ఎవరు ముందు కోడ్ పేరిస్తే వాళ్లు గెలిచే ఆట మిగులుతుంది. మన ల్యాబుల్లో ప్రతి సెమిస్టరూ జరిగేది అదే కనుక పిల్లలకి కొత్తగా ఏమీ అనిపించదు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఆ ముగ్గురిలో నవారో గారు తర్వాత సిమ్‌ఎస్‌ఈ అని కంప్యూటర్ మీద ఆడే ఆట కూడా చేశారు. కంప్యూటర్లో అయితే లెక్క యంత్రం లోపల జరుగుతుంది. బల్ల మీద కార్డులైతే ఏ పత్రం లేకపోతే ఏ దెబ్బ తగిలిందో ఆటగాళ్లే చేతులతో లెక్కపెట్టుకోవాలి, ఎదుటివాడితో వాదించాలి. మీకు కావలసింది నిశ్శబ్దం. కనుక వీలుంటే అన్నీ కంప్యూటర్లోకి మార్చేయండి. క్లాసులో కార్డులు బల్ల మీద పరిచి ఉండగా ప్రిన్సిపాల్ గారు రౌండ్స్‌కి వస్తే కలిగే ఇబ్బంది కూడా తప్పుతుంది. అందరి కళ్లకీ అది పేకాటే.

అంచనాలు వేయించడం

ప్లానింగ్ పోకర్ గురించి మీకు చెప్పే ఉంటారు. జేమ్స్ గ్రెనింగ్ 2002లో మొదలుపెట్టాడు. మైక్ కోన్ 2005లో రాసిన ఎజైల్ పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. సున్నా, అర, 1, 2, 3, 5, 8, 13, 20, 40, 100 అని ఉండే కార్డులు. పని ఎంత పెద్దదో ఒక్కొక్కరూ మనసులో అనుకుని కార్డు బోర్లా పెట్టి, అందరూ ఒక్కసారే తిప్పాలి. అందరికన్నా ఎక్కువ వేసినవాడూ, తక్కువ వేసినవాడూ ఎందుకు వేశారో చెప్పాలి. తర్వాత మళ్లీ వేయాలి. ఇందులో మర్మమంతా "ఒక్కసారే" అన్నచోట ఉంది. ఒకరు ముందు పైకి అంటే మిగతావాళ్ల బుర్ర ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

అందుకని క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయిని ముందు నిలబెట్టి పైకి చెప్పించండి. ఆమె "ఎయిట్, మేడమ్" అంటుంది. అరవై మంది ఎనిమిదే. నిమిషంలో ఏకాభిప్రాయం. లాగిన్ పేజీకి 3 వేయాలా 40 వేయాలా అన్న గొడవలో ఒకడు "ఓటీపీ పంపాలిగా, ఆ గేట్‌వే ఎవరిస్తారు?" అని అడిగే ప్రమాదం అక్కడికక్కడే తొలగిపోతుంది. ఎవడైనా మీ దగ్గరికి వచ్చి గుసగుసగా "సార్, ఎంత వేయమంటారు?" అని అడిగితే, "నీకెంత అనిపిస్తే అంత వెయ్యరా" అని పొరపాటున కూడా అనొద్దు. కనుబొమలు కాస్త ముడిచి, "ఆలోచించు, సిలబస్‌లో ఎంతుందో చూడు" అనండి.

సొంత ఆట తయారు చేయడం

"ఇన్నొవేషన్" అన్న గడిలో టిక్కు పడాలంటే సొంతంగా ఒక బోర్డు చేయాల్సి వస్తుంది. బాణాలన్నీ ఒకే వైపు పెట్టండి: రిక్వైర్‌మెంట్స్, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, మెయింటెనెన్స్. వెనక్కి వచ్చే దారి ఒక్కటీ ఉండకూడదు. విన్‌స్టన్ రాయిస్ 1970లో వేసిన బొమ్మ ఇదేనని ఎవరైనా అడిగితే ధైర్యంగా చెప్పొచ్చు. ఆ బొమ్మ వేసిన పెద్దమనిషే, ఉన్నదున్నట్టు పాటిస్తే ఇది ప్రమాదకరమనీ వైఫల్యాన్ని కొని తెచ్చుకోవడమనీ అదే వ్యాసంలో రాశాడు. ఇప్పుడు అందరూ దీన్ని పిలిచే వాటర్‌ఫాల్ అన్న పేరే ఆయన వాడలేదు. ఫర్వాలేదు, బొమ్మ దాటి చదివినవాళ్లు తక్కువ. "నీట్ స్కెచ్‌తో వివరింపుము" అని అడిగే పరీక్షల వల్ల కలిగిన మేలు ఇది.

ఆలస్యం కార్డు ఒకటి పెట్టండి. ప్రాజెక్టు వెనకబడితే ఇంకో ప్రోగ్రామర్‌ని తీసుకోవచ్చు, ఆ రౌండు నుంచే రెండు ముక్కల కోడ్ ఎక్కువ వస్తుంది అని రూలు రాయండి. ఎంత తేలిగ్గా ఉందో చూడండి. ఐబీఎంలో ఓఎస్/360 నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో పుస్తకం రాసి మరీ దీనికి అడ్డం తిరిగాడు. ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందన్నాడు. వచ్చినవాడికి పని నేర్పాలి, నేర్పేది పాతవాళ్లే, ఆ నేర్పే రోజుల్లో వాళ్ల పని ఆగుతుంది. పైగా అయిదుగురుంటే ఇద్దరిద్దరి మధ్య మాటలు 10 జతలు, పదిమందైతే 45. ఈ లెక్క బోర్డు మీద పెడితే కొత్త ప్రోగ్రామర్ మొదటి రెండు రౌండ్లు ఏమీ చేయకపోగా పాతవాళ్లలో ఒకణ్ని కూడా తినేస్తాడు. అప్పుడు ఆటగాళ్లు తల పట్టుకుని, "మనిషిని తీసుకుందామా, ఫీచర్ తగ్గిద్దామా" అని కొట్టుకుంటారు. క్లాసు చేప మార్కెట్ అవుతుంది. పక్క సెక్షన్ మేడమ్ గారు వచ్చి తలుపు కొడతారు. ఎందుకొచ్చిన గొడవ, ఆ రెండు ముక్కల కోడే ఇవ్వండి.

సెక్యూరిటీ ఆట జోలికి వెళ్లొద్దు

ఆడం షోస్టాక్ మైక్రోసాఫ్ట్‌లో ఉండగా 2010లో "ఎలివేషన్ ఆఫ్ ప్రివిలేజ్" అని ఒక కట్ట తయారు చేశాడు. 74 కార్డులు, 6 రంగులు, ఒక్కో రంగుకి ఒక్కో ముప్పు. వేరొకరి పేరుతో చొరబడటం, డేటా మార్చడం, చేసింది చేయలేదనడం, సమాచారం బయటపడటం, సేవ ఆగిపోయేలా చేయడం, లేని అధికారం సంపాదించడం. ఎవరైనా ఉచితంగా ప్రింటు తీసుకోవచ్చు, అదే తంటా. ఈ ఆట గాలిలో నడవదు. బల్ల మధ్యలో ఒక నిజమైన సిస్టమ్ బొమ్మ ఉండాలి. వేసిన కార్డు ఆ బొమ్మలో ఎక్కడ తగులుతుందో చెప్పగలిగితే ఒక పాయింటు.

ల్యాబ్ రికార్డులో ఏటా గీసే ఏటీఎం బొమ్మో, లైబ్రరీ మేనేజ్‌మెంట్ బొమ్మో మధ్యలో పెట్టి ఆడిస్తే ఏమీ కాదు, అవి ఎన్నడూ ఎవరూ కట్టని సిస్టమ్‌లు. కానీ మొదటి రౌండులోనే ఎవడో ఒకడు "సార్, మన అటెండెన్స్ పోర్టల్ గీద్దామా?" అంటాడు. గీయనిచ్చారా, నాలుగో కార్డుకి ఇంకొకడు లేచి, లింకులో హాల్ టికెట్ నంబరు మారిస్తే పక్కవాడి మార్కులు కనబడతాయా అని అడుగుతాడు. అయిదో కార్డుకి ఫోన్ తీసి ప్రయత్నిస్తాడు. ఆ తర్వాత మీరు మీ హెచ్‌ఓడీ గారి ఎదుట నిలబడి చెప్పుకోవలసిన సంజాయిషీ ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. ఏటీఎం చాలు.

ఏర్పాట్లు

పెట్టెలు అయిదే కొనండి. అరవై మంది పిల్లలు, రోల్ నంబర్ల ప్రకారం పన్నెండేసి మంది. ఒకడు ఆడతాడు, ఒకడు రూల్స్ పట్టుకుంటాడు, పదిమంది రీల్స్ చూస్తారు. నలుగురేసి కూర్చుంటే ప్రతివాడికీ వంతొస్తుంది, వంతొస్తే ఆలోచించాలి. రూల్స్ పుస్తకం మొత్తం ప్రొజెక్టర్ మీద పెట్టి మీరే చదవండి, యాభై నిమిషాల పీరియడ్‌లో నలభై అందులోనే పోతాయి. రెండు రౌండ్లు ఆడి చూపిస్తే అయిదు నిమిషాల్లో పట్టుకుంటారు, అందుకే ఆ పని వద్దు. మూడు పీరియడ్లు కలిసొచ్చే ల్యాబ్ ఉంటుంది గానీ, అక్కడ అబ్జర్వేషన్ సంతకాలు పెట్టుకోవాలి.

మార్కులు తప్పకుండా పెట్టండి. గెలిచిన టీముకి ఇంటర్నల్స్‌లో అయిదు. ఈ ఒక్కటి చేస్తే మిగతా జాగ్రత్తలేవీ అక్కర్లేదు కూడా. మార్కు ఉందనగానే ఎవడూ సాహసం చేయడు. హడావుడి కోడ్ రాసి ఎక్కడ మునుగుతామో చూద్దామనే కుర్రాడు కూడా తాతల నాటి సురక్షితమైన ఎత్తే వేస్తాడు. ఓడినవాడే ఎక్కువ నేర్చుకునే ఆటలివి. ఓడితే అయిదు మార్కులు పోతాయన్నప్పుడు ఓడటానికి ఎవరొస్తారు? ముందు ఆడిన సెక్షన్ నుంచి కార్డుల వరస ఫొటోలు తీసి పంపించుకుంటారు. అదొక టీమ్ వర్కు.

ఆట అయ్యాక

ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఆట బెల్లు కొట్టేదాకా సాగాలి. ఆట తర్వాత పదిహేను నిమిషాలు మిగిలితే పిల్లలు మాట్లాడుకుంటారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, బయట ప్రాజెక్టులో ఇది ఎక్కడ ఎదురవుతుంది అని మీరు అడగాల్సి వస్తుంది. నేర్చుకునేదంతా అక్కడే ఉంది, ఆట కేవలం దానికి ముడిసరుకు.

సాఫ్ట్‌వేర్ ఆట కాకపోయినా ఎంఐటీలో పుట్టి 1960ల నుంచి మేనేజ్‌మెంట్ స్కూళ్లలో ఆడుతున్న బీర్ గేమ్ సంగతి చూడండి. చిల్లర వ్యాపారి, టోకు వ్యాపారి, పంపిణీదారు, ఫ్యాక్టరీ, నలుగురు వరసగా ఆర్డర్లు పంపుకుంటారు. సరుకు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. కాసేపటికి ఒకరి గోదాము నిండి పొర్లుతుంది, ఇంకొకరికి ఒక్క పెట్టె దొరకదు. అందరూ అరుచుకుంటారు. ఆట ఆపి, కస్టమర్ గిరాకీ ఎలా ఉండి ఉంటుందో గీయమంటే అలల్లాగా ఎగుడుదిగుడుగా గీస్తారు. అప్పుడు అసలు కాగితం చూపిస్తారు: గిరాకీ మారింది ఒక్కసారే, వారానికి 4 నుంచి 8 పెట్టెలకి, తర్వాత అంతా తిన్నగా ఉంది. ఆ ఎగుడుదిగుళ్లన్నీ ఆడినవాళ్లు ఒకరికొకరు చేసుకున్నవే. ఆ కాగితం చూపించే నిమిషం లేకపోతే బీర్ గేమ్ అంటే పిల్లలు పెట్టెలు లెక్కపెట్టిన పీరియడ్. మీరూ అలాగే, కాగితం చూపించే వేళకి బెల్లు మోగేలా చూసుకోండి. మర్నాడు అడుగుదాంలే అనుకున్నా ఫర్వాలేదు, మర్నాడు మిడ్ పరీక్ష ఉంటుంది.

మాట్లాడించే బదులు ఫీడ్‌బ్యాక్ ఫారం పంచండి. "ఆట మీకు నచ్చిందా?" 1 నుంచి 5 దాకా. పాఠం లేని రోజు ఏ పిల్లాడికి నచ్చదు? సగటు నాలుగు పైన వస్తుంది, కాన్ఫరెన్స్ పేపర్ అయిపోతుంది. ఈ రంగంలో వచ్చిన పేపర్లలో చాలావాటికి విద్యార్థుల అభిప్రాయమే ఆధారం కాబట్టి మీ పేపర్ ఒంటరిగా ఏమీ ఉండదు. ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష పెట్టి నిజంగా ఏమైనా ఎక్కిందా చూద్దామనే దుర్బుద్ధి పుడితే అణచుకోండి. కోర్సు ఫలితాలు డిగ్రీ ఫలితాలకి ఎంత తోడ్పడతాయో చూపే సీఓ-పీఓ మ్యాపింగ్‌లో అన్నిటికీ గరిష్ఠం, అంటే 3 వేయండి. ఫొటోలో బోర్డు, పిల్లలు, బ్యానర్, హెచ్‌ఓడీ గారు అందరూ పడాలి. బ్యానర్ మీద తేదీ కనబడాలి.

ఇన్నీ చేశాక మిగిలే ప్రమాదం ఒక్కటే. సాయంత్రం స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర ఇద్దరు హాస్టల్ కుర్రాళ్లు నిలబడి, "సార్, ఆ పెట్టె ఈ రాత్రికి ఇస్తారా, రేపు పొద్దున్నే తెచ్చిస్తాం" అంటారు. మార్కులు లేవు, ఫారం లేదు, ఫొటో లేదు. మీరు డ్రాయర్లో దాచిన ప్రాబ్లమ్ కార్డులు కూడా అడుగుతారు. ఇచ్చారంటే అర్ధరాత్రి దాకా ఆడతారు, చిత్తుగా ఓడతారు, ఎందుకు ఓడామో తెల్లారేదాకా వాదించుకుంటారు. ఇవ్వకండి. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన వస్తువు బయటికి పోకూడదని చెప్పి, బీరువా తాళం మీ జేబులోనే పెట్టుకోండి.